నేలలో నిదురించు పూలు

మా పాతబస్తీలో, చార్మినారు చుట్టుపట్లనున్న యునానీ మందుల అంగళ్లలో, ‘ఊద్ సలీబ్’ అను పేరుగల వేరు నొకదానిని అమ్ముదురు. చూచుటకు అది ఎండిన కట్టెముక్కవలె నుండును. ఊద్ అనగా కట్టె, సలీబ్ అనగా సిలువ. ఆ వేరును అడ్డముగ కోసినచో లోపల సిలువవంటి గీతలు కనబడునని దానికా పేరు కలిగినదందురు. మూర్ఛరోగమునకు హకీములు దీనిని తరతరములుగ వాడుచు వచ్చిరి. క్రీస్తుశకము 2వ శతాబ్దమునందలి గ్రీకు వైద్యుడు గేలెన్, మన హకీములు జాలినూస్ అని గౌరవముతో పిలుచునట్టి యాయన, ఒక బాలుని మెడలో ఈ వేరు కట్టియున్నంతకాలము మూర్ఛ రాకుండెనని వ్రాసియున్నాడు. అది ఆనాటి మాట. నేడు బిడ్డకు మూర్ఛ వచ్చినచో ఆలస్యము చేయక దవాఖానకు కొనిపోవుటయే తల్లి చేయవలసిన పని. నేనీ వేరును గూర్చి చెప్పబూనినది వైద్యము కొరకు కాదు. ఇంత దూరమునుండి మన బజారునకు వచ్చి చేరిన ఈ యెండువేరు నొక మహాసుందరమైన పూవు యొక్క వేరని మనలో నెరిగినవారు అరుదు. ఆ పూవును గూర్చియు, దానికి సాటియైన మన యింటి పూవును గూర్చియు నాలుగు మాటలు చెప్పవలెనని నా కోరిక.

ఆ పూవును ఆంగ్లమున పియోనీ యందురు. తెలుగున దానికి పేరు లేదు. మన నేలపై పూయని పూవునకు మనవారు పేరు పెట్టుట యెట్లు? హిమాలయముల పశ్చిమభాగమున కొండవాలులయందు దీనిజాతి యొకటి తెల్లని పూలు పూయుచు తనంతట తాను పెరుగును. చీనాదేశమునందును దాని పొరుగు శీతలదేశములందును పుట్టిన మరియొక జాతినుండి నేటి తోటలలోని రకములనేకము కలిగినవి. పూవు రెండు దోసిళ్ల పరిమాణమున నుండును. రేకులు పొరపొరలుగ, పట్టుచీర కుచ్చెళ్లవలె ముడిచికొనియుండి, గులాబిరంగున, తెలుపున, ఎరుపున విచ్చుకొనును.

నా చెల్లెలు ఇరువదియేండ్లుగ అమెరికాలో ఇండియానాపొలిస్ నగరమున కాపురముండుచున్నది. ఆ నగరము ముఖ్యపట్టణముగా గల ఇండియానా రాష్ట్రమువారు 1957లో పియోనీని తమ రాష్ట్రపుష్పముగ స్వీకరించిరి. చెల్లెలు కొనిన యింటి వెనుక, అంతకుముందు ఆ యింట నివసించిన వృద్ధురాలు ఎన్నడో నాటిన పియోనీ గుబురొకటి యున్నది. మొదటి యేడు మే మాసమున అది పూచి ఇల్లంతయు వెలిగించినదట. అక్టోబరు వచ్చుసరికి ఆకులు గోధుమరంగు తిరిగి, కాడలు నేలకు వ్రాలి, నవంబరునాటికి అచ్చట చెట్టున్న జాడయే లేకుండెనట. “చచ్చినది కాబోలు, త్రవ్వివేయుదమా?” అని మరిది యనగా, కంచె కావలనున్న పొరుగింటి ముదుసలి విని, “త్రవ్వకుడు, అది నిదురించుచున్నది” అని వారించినదట. ఆ మాట చెల్లెలు నాకు ఫోనులో చెప్పినది మొదలు నేనా చెట్టును గూర్చి అడుగుచు, చదువుచు, తెలిసికొనుచు వచ్చితిని.

ఆ సేవ యెట్టిదో కొంచెము చెప్పెదను. పియోనీకి గింజ వేసినచో పూవు చూచుటకు ఐదారేండ్లు పట్టును. కావున దుంపవేరును విడదీసియే నాటుదురు. శరదృతువున, ఆకులు వాడు వేళ, గుబురును మెల్లగ త్రవ్వి, మన్ను కడిగి, ఒక్కొక్క ముక్కకు మూడు మొదలు ఐదు వరకు ఎఱ్ఱని మొలకకన్నులుండునట్లు కోసి నాటవలెను. ఆ కన్నులపై మన్ను రెండంగుళములకు మించరాదు. అంతకంటె లోతుగ పాతినచో ఆకులు పుష్కలముగ వచ్చును గాని పూవు రాదు. దినమునకు ఆరుగంటల యెండ కావలెను. నీరు నిలువరాదు. మొదటి యేడు పూవును ఆశింపరాదు. మూడవ యేటికి గాని చెట్టు నిండుగ పూయదు. కాని ఒకసారి కుదురుకొనినచో ఏబది యేండ్లును, అంతకు మించియు, ఒకే చోట పూయుచుండును. మాటిమాటికి చోటు మార్చుట దానికి గిట్టదు. మొగ్గలపై చీమలు ప్రాకును. మొగ్గ చుట్టునున్న తీపిరసము కొరకవి వచ్చును గాని చెట్టునకు హాని చేయవు. వానిపై మందు చల్లనక్కరలేదు. పూల బరువునకు కాడలు వంగును గనుక ముందుగనే చుట్టును ఊతము కట్టవలెను. ఆకురాలు కాలమున ఎండిన కాడలను నేలమట్టమునకు కోసి దూరముగ పారవేయవలెను; లేనిచో బూజు తెగులు వానిలో దాగియుండి మరుసటి వసంతమున మొగ్గలను నల్లబరచును.

ఇంత విన్న పిదప, మన మిద్దెమీదను ఒక దుంప నాటరాదా యని యెవరికైన దోచును. ఈ మధ్య రంగురంగుల పటములు చూపి పియోనీ దుంపలను తపాలామీద పంపువారు బయలుదేరినారు. సోదరీమణులారా, హైదరాబాదున మీ సొమ్ము వారికీయకుడు. పియోనీకి చలి కావలెను. ఏదో ఒకనాటి చలి గాదు; వారములకొలది నేల గడ్డకట్టునంత చేరువగా చల్లబడి యుండవలెను. ఆ చలిలో గాని దాని కన్నులకు మెలకువ పుట్టించు మార్పు జరుగదు. మనకు పుష్యమాసమున నైనను రాత్రులు పది పండ్రెండు డిగ్రీల దరికి దిగుట గొప్ప. మధ్యాహ్నము మరల వెచ్చని యెండయే. ఇట్టి చోట ఆ దుంప ఒకటిరెండాకులు చూపి, వేసవిలో క్రుళ్లి పోవును. దానిని తప్పు పట్టుటకు లేదు. నిద్రలేనిచో మనకు పని చేయ శక్తి యెట్లుండదో, చలిలేనిచో దానికి పూయు శక్తి యట్లుండదు.

అయినను విచారింప బనిలేదు. అట్లే నేలలో దాగి, అట్లే చచ్చినట్లు కనబడి, అట్లే మరల లేచెడి పూవు మన యింట నున్నది. అది చేమంతి. అదియు పియోనీవలెనే చీనాదేశపు తోటలలో బహుకాలము లాలనపొందిన పూవే. నాలుగవ, ఐదవ శతాబ్దములనాటి చీనాకవి తావ్ యువాన్‌మింగ్ కొలువు విడిచి పల్లెకు పోయి చేమంతులు పెంచుకొనెను. జపానుదేశపు చక్రవర్తి ముద్రయు పదునారు రేకుల చేమంతియే. ఇంతటి గౌరవముగల పూవు మనకు మూరకు కొంత చొప్పున బజారున దొరకుచున్నందున మనము దానిని తేలికగ చూచుచున్నాము. గుడిమల్కాపూరు పూలబజారునకు బండ్లకొలది వచ్చెడి చేమంతిని చూచి, దీనిని ఇంట పెంచుట యెందుకని యనుకొందుము. అమ్మకపు చేమంతి పూజకు పనికివచ్చును. ఇంటి చేమంతి మనకు వేరొక దానిని నేర్పును. దానిని నాకు నేర్పినవారు మా యత్తగారు.

మా యత్తగారు 1956లో పదునెనిమిదేండ్ల పడుచుగా పాలమూరునుండి గౌలిపురాలోని ఈ యింటికి కాపురమునకు వచ్చిరి. సారెపెట్టెతోబాటు తడిగోనెలో చుట్టిన నాలుగు చేమంతి పిలకలను వెంట తెచ్చుకొనిరట. పసుపురంగున, చిన్నరూపాయి బిళ్లంత పూలు పూయు నాటురకమది. నడుమ ముంగిలి, చుట్టును వసారాలు గల పాతకాలపు ఇల్లు మాది. ఆ ముంగిలిలో తూర్పుగోడ ప్రక్కన ఆమె వానిని నాటిరి. నేను కోడలినై వచ్చునప్పటికి అవి పదునారు కుండీలైనవి. ఊరిలో ఎవరు అడిగినను ఆమె పిలక నిచ్చెడివారు. గింజ నిచ్చుట యెన్నడును చూడలేదు. చేమంతి గింజ తల్లిని పోలునన్న నమ్మకము లేదు. పిలక మాత్రము తల్లియే.

ఆమె పంచాంగమును పండుగలతో లెక్కించెడివారు. అదే క్రమమును నేనిచ్చట వ్రాయుచున్నాను. కావలసినవారు వ్రాసికొనవచ్చును.

మాఘమాసమున, శివరాత్రికి ముందు, పూలు వాడిపోయిన పిదప కాడలను మొదట నాలుగంగుళములు విడిచి కోసివేయవలెను. ఇది చూచుటకు మిగుల దైన్యముగ నుండును. పచ్చదనము పోయి మోడులు మాత్రమే నిలుచును. ఎందరో ఇల్లాండ్రు ఈ స్థితిలోనే కుండీని బోర్లించి, మన్ను మరియొక మొక్కకు వాడుకొందురు. అట్లు చేయరాదు. పదునైదు ఇరువది దినములలో మోడు చుట్టును నేలనుండి చిన్న పిలకలు తలయెత్తును. అవియే వచ్చు నేటి చెట్లు.

ఉగాది మొదలు మృగశిర కార్తె వరకు వాని ప్రాణసంకట కాలము. మన వేసవి యెండ 42, 43 డిగ్రీలకు పోవును. కుండీలను చెట్టునీడకో, వసారా యంచునకో చేర్చి, ఉదయపు టెండ మాత్రము సోకనీయవలెను. నీరు కొంచెము కొంచెముగ పోయవలెను. ఎండకు భయపడి కుండీ నింపినచో వేరు క్రుళ్లి చచ్చును; మరచినచో ఎండి చచ్చును. మన్నులో వ్రేలు రెండు కణుపుల లోతు గ్రుచ్చి, తడిలేనప్పుడే పోయుట మేలు. పూవు లేదు, వాసన లేదు, చూచి మెచ్చువారు లేరు. దినదినము ఆ మోడుల యొద్దకు పోవలెనన్న మనసు రాదు. కాని చేమంతి సంవత్సరమంతయు ఈ మూడు నెలలలోనే తేలును.

ఆషాఢమున లాల్ దర్వాజా బోనాల సందడి మొదలగు వేళకు వానలు కుదురుకొనును. అప్పుడు గుబురును విడదీసి, వేరుగల పిలకలను ఒక్కొక్కదానిని వేరు కుండీలో నాటవలెను. రెండు పాళ్లు తోటమన్ను, ఒక పాలు చివికిన పశువుల యెరువు, ఒక పాలు ఇసుక కలుపుట మా యింటి పద్ధతి. అడుగున రంధ్రముపై పెంకుముక్క నుంచవలెను. పాతమన్నును మరల వాడరాదు. నిరుటి తెగులు దానిలోనుండును.

శ్రావణమున మొక్క జానెడు పెరిగినప్పుడు చివరి చిగురును గోటితో తుంచవలెను. పైకిపోవు దారి మూసినందున ప్రక్కకొమ్మలు నాలుగైదు పుట్టును. భాద్రపదమున ఆ కొమ్మల చివరలను మరల తుంచవలెను. వినాయకచవితి దాటిన పిదప తుంచుట మానవలెను. లేనిచో మొగ్గ ఆలస్యమగును. బతుకమ్మ నాటికి, తంగేడు గునుగు బంతులు ఇంటింట పేర్చునప్పుడు, మన కుండీలలో ఆవగింజలంత మొగ్గలు తొంగిచూచును. అప్పటినుండి పల్లిచెక్కను నీటిలో నాలుగుదినములు నానవైచి, ఆ నీటిని పదింతలు పలుచన చేసి పదునైదు దినములకొకసారి పోయవలెను. రంగు తిరిగినది మొదలు ఎరువు ఆపవలెను. లేతచిగుళ్లకు పేనుబంక పట్టినచో మొదట నీటిధారతో కడిగి, పోనిచో వేపనూనెను సబ్బునీటిలో కలిపి సాయంకాలము చల్లవలెను. నీరెప్పుడును మొదట పోయవలెను గాని ఆకులపై పోయరాదు. ఆకు తడిసి యున్నచో నల్లమచ్చలు పడును. కార్తికము చివరనుండి సంక్రాంతి వరకు పూవే పూవు.

ఇక నొక వింత సంగతి. కొన్నేండ్ల క్రిందట మా గల్లీలో, మా తూర్పుగోడకు సరిగ నెదురుగా, ఒక పెద్ద తెల్లదీపము వెలసినది. రాత్రియంతయు దాని వెలుగు మా ముంగిలిలో సగము వరకు పడుచుండెను. ఆడువారము రాత్రివేళ వచ్చిపోవుటకు ధైర్యమైనదని యందరమును సంతసించితిమి. ఆ యేడు పడమటి ప్రక్కనున్న ఎనిమిది కుండీలు ఎప్పటివలె పూచినవి. తూర్పుగోడనున్న ఎనిమిదియు ఏపుగ పెరిగి, ముదురుపచ్చని ఆకులతో నిండియుండియు, సంక్రాంతి వచ్చినను ఒక్క మొగ్గ తొడుగలేదు. మన్నొకటే, నీరొకటే, చేయి యొకటే. ఇరుగుపొరుగువారు దృష్టి తగిలినదనిరి. అత్తగారు మిరపకాయలు దిగదుడిచిరి.

అప్పుడు రాజేంద్రనగరమున వ్యవసాయ విద్య చదువుచున్న మా ఆడపడుచు కూతురు వచ్చి, నవ్వి, గోడమీది దీపమును చూపినది. చేమంతి రాత్రిని లెక్కపెట్టుకొనునట. హైదరాబాదున జ్యేష్ఠమాసపు పగలు సుమారు పదుమూడు గంటలు, మార్గశిరమాసాంతపు పగలు పదునొకండు గంటలు. పగలు తగ్గి, రాత్రి ఒక మేరకు పెరిగి, ఆ చీకటి తెగకుండ అనేక దినములు నిలిచినప్పుడు గాని ఆ చెట్టు ఆకు వేయుట మాని మొగ్గ వేయదు. అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసిన గార్నర్, అల్లార్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పొగాకు, సోయాచిక్కుడు మొక్కలతో ప్రయోగములు చేసి, పగటి నిడివిని బట్టి చెట్లు పూయుననెడి విషయమును 1920లో ప్రకటించిరి. తరువాతి పరిశోధనలలో, ఇట్టి మొక్కలకు ముఖ్యమైనది పగటికంటె రాత్రి చీకటియేనని, నడిరేయి కొంతసేపు దీపము వెలిగించినను పూత ఆగిపోవునని తేలినది. పూలవ్యాపారము చేయువారు నేడు దీనినే ఉపాయముగ గ్రహించి, తాము కోరిన పండుగనాటికి చేమంతి పూయునట్లు రాత్రులు దీపములుంచియు, పగలు నల్లగుడ్డ కప్పియు కాలమును తమ చేతులలో పెట్టుకొన్నారు.

మా యత్తగారు బడికి పోయినవారు కారు. ఆ పిల్ల మాటలన్నియు ఓపికగ విని, “అట్లయిన దానికి నిదుర పట్టుట లేదన్నమాట” అనిరి. మరునాడు ఎనిమిది కుండీలును పడమటి వసారా ప్రక్కకు చేరినవి. మరుసటి యేడు పదునారును పూచినవి. ఆనాడు చెల్లెలి పొరుగింటి ముదుసలి పలికిన మాట నాకు జ్ఞప్తికి వచ్చినది. భూగోళమునకు ఆ ప్రక్క నొకరు, ఈ ప్రక్క నొకరు, ఒకరినొకరు ఎరుగని ఇద్దరు వృద్ధస్త్రీలు ఒకే మాట పలికిరి. పియోనీకి చలినిదుర, చేమంతికి చీకటినిదుర. నిదురను పాడుచేయకుండుటయే పెంపకములో సగము.

2022లో ఫాల్గుణమాసమున మా యత్తగారు కాలము చేసిరి. ఎనుబదినాలుగేండ్ల పండుముత్తయిదువ కాకపోయినను పండుజీవితమే. పడకపై నుండియు మాఘమున “కాడలు కోసితిరా?” యని యడిగిరి. కోసితిమి అత్తమ్మా యనగా తలయూపిరి. కర్మములకు బంధువులు వచ్చునని ముంగిలి శుభ్రము చేయించుచుండగా, పనివారు మోడులు నిలిచిన కుండీలను చూచి చెత్తబండిలో వేయబోయిరి. వారి తప్పేమున్నది? చూచువారికి అవి చచ్చిన చెట్లే. నేను పోయి వానిని మిద్దె మెట్లక్రిందికి చేర్పించితిని. ఆ వేసవియంతయు ఇంటిలో దుఃఖమును, వచ్చిపోవువారును, కాగితములును. ఇన్నింటి నడుమ సాయంకాలమున ఒక్క చెంబు నీటితో మెట్లక్రిందికి పోవుటయే నాకు మనసు నిలుపుకొనుటకు దారియైనది. పదునారింటిలో పదునొకండు బ్రతికినవి.

కాగితములంటిని గదా. అన్నదమ్ములు నలుగురు. ఇంటిని పంచుకొనక తప్పలేదు. వైశాఖమున ముంగిలి నడుమ గోడ లేచినది. ఏ గది యెవరిదన్నచోట, బావి ప్రక్కనున్న చోటు ఎవరికన్నచోట, మాటలు మీరినవి. నాకును నా చిన్న తోడికోడలికిని మాటలాగిపోయినవి. ముప్పదియేండ్లు ఒకే పొయ్యి దగ్గర వండుకొన్నవారము, గోడకు ఆ వైపున ఒకరు ఈ వైపున ఒకరు దగ్గుచప్పుడు విని కూడ పలుకరించుకొనకుంటిమి. ఆడపడుచు తన భాగమును విడిచితినని సంతకము చేసిపోయినది. చట్టము కూతునకును సమభాగమిచ్చుచున్న కాలమున ఆమె యేల విడిచినదో, ఎవరును గట్టిగ అడుగలేదు. ఆ విషయము నేటికిని నా మనసులో ముల్లై యున్నది.

ఆషాఢము వచ్చినది. పదునొకండు కుండీలను విప్పి పిలకలు విడదీయగా అరువదిమూడైనవి. ఇంటిని పంచినప్పుడు గజము కొలతతో ఎంత జాగ్రత్తగ పంచిననూ ఒక్కొక్కరికి తగ్గినదే గాని పెరిగినది లేదు. ఇచ్చట పంచుటకు ముందు పదునొకండు, పంచిన పిదప అరువదిమూడు. నలుగురు కోడండ్రకు పండ్రెండేసి, ఆడపడుచునకు పదునైదు లెక్కగ తడిగోనెలలో చుట్టితిని. ఆడపడుచునకు మూడెక్కువ యేల యని యెవరును అడుగలేదు. ఆమె ఇంటిభాగమునకు సంతకము చేసి విడిచినది గాని, ఈ భాగము కొరకు తానే స్వయముగ ఆటోలో వచ్చి, ఒడిలో పెట్టుకొని తీసికొనిపోయినది.

చిన్న తోడికోడలి భాగమును ఆమె కుమారుని చేత పంపితిని. తిరుగుమాట లేదు. నేనును ఆశింపలేదు. శ్రావణము సగము గడచిన పిదప ఒక ఉదయము నేను మిద్దెపై మొక్కలకు నీరు పోయుచుండగా, గోడ కావలి మిద్దెనుండి, “అక్కా, చిగుళ్లు ఇప్పుడే తుంచవలెనా, ఇంకను పెరుగనీయవలెనా?” అని గొంతు వినబడినది. నాలుగు నెలలకు విన్న మొదటిమాట. “జానెడు దాటినదా?” యని యడిగితిని. “దాటినది.” “అయినచో ఈ దినమే తుంచుము. రెండాకుల పైకి, గోటితో. కత్తెర వలదు.” అంతే మా సంభాషణ. ఇంటి కాగితముల మాట ఆమె యెత్తలేదు, నేనెత్తలేదు. గోడ నేటికిని అచ్చటనే యున్నది. మునుపటివలె ఒకే పొయ్యి దగ్గర కూర్చుండు దినము మరల రాదు. కాని నీరెక్కువైనదా, పేనుబంక పట్టినదా యను ప్రశ్నలు గోడమీదుగ వచ్చుచునే యున్నవి; వానితో ఒక్కొక్కప్పుడు పులుసుగిన్నెయు వచ్చుచున్నది.

చెల్లెలు మొన్న శరత్కాలమున తన పియోనీ గుబురును మొదటిసారి త్రవ్వి విడదీసినదట. నేను నాటని చెట్టును నేనెట్లు పంచుదునని ఇన్నియేండ్లు జంకినదట. ఒక భాగమును మరల అదే చోట నాటి, ఒకటి పొరుగున క్రొత్తగ వచ్చిన తెలుగువారింటి కిచ్చినదట. వారు మూడేండ్లు వేచియుండవలెను. ఆ కోడలికి అంత ఓపిక యుండునా యని చెల్లెలు సందేహించుచున్నది. ఉండును. కంచె కావలినుండి చెప్పువారొకరున్నచో ఓపిక దానంతటదియే వచ్చును.

సోదరీమణులారా! మీలో శీతలదేశములకు పోయినవారు పియోనీని నాటుడు. రెండంగుళములకు మించిన లోతున పాతవలదు. ఇచ్చట మన యెండలోనున్నవారు చేమంతిని పెంచుడు. రాత్రి దీపపు వెలుగు సోకని మూలనుంచుడు. ఎవరింట నైనను పూవు ముగిసిన కుండీలో మోడు కనబడినచో చెత్తబండికి వేయకముందు ఒక్క నెల ఆగుడు. మరి పిలకలు వచ్చినప్పుడు అన్నియు మీరే యుంచుకొనక, మాటలాగిన ఇంటికి ముందుగ కొన్ని పంపుడు.